బెండు కింద నీలం

కొత్త బండి సైలెన్సర్ మీద వేడికి మొదట తేలేది బంగారు రంగు. అది చూసి కొన్నవాళ్లు మురిసిపోతారు కూడా. తర్వాత అది ఎర్రబారుతుంది, ఆ పైన నీలమవుతుంది. ఇంజిన్‌లోంచి బయటికి రాగానే గొట్టం వంపు తిరిగే చోటును మా షెడ్డులో బెండు అంటాం. నీలం ముందు అక్కడే పుడుతుంది. నేను డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం, మా ఇంటి తగువంతా ఆ జానెడు వంపు మీదే నడిచింది.

షెడ్డు ఒకటే, పనులు మూడు. ముందు భాగంలో మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఇంజిన్లు బాగుచేసేవాడు. వెనక గోడ వైపు నాన్న సైలెన్సర్లకు పాలిష్ పట్టేవాడు. కిటికీ కింద అమ్మ కుట్టుమిషను మీద సీటు కవర్లు కుట్టేది. మామయ్య పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేవాడు. మా వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. ఉద్యోగం వచ్చేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని షెడ్డు ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన బళ్లు తీసుకోవడం, అయిన బళ్లు అప్పగించడం నా పనిగా పెట్టుకున్నాను. మామయ్య నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'డిగ్రీ' అనేవాడు.

"బయట ఎండ నలభై డిగ్రీలు, లోపల నువ్వొకదానివి. వెరసి నలభై ఒకటి. షెడ్డు అంటుకోదూ?" అనేవాడు.

నాన్నకు తన పనిలో పట్టింపులు ఎక్కువ. వేడి గొట్టం ముట్టేవాడు కాడు. యజమాని ఎంత తొందరపెట్టినా బండి చల్లారేదాకా నీడలో నిలబడాల్సిందే. ముందు కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తీసి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక పాలిష్ ముద్ద రాసి, అమ్మ మిషను కింద మిగిలిన మెత్తటి గుడ్డముక్కలతో వంపు వెంబడే రుద్దేవాడు. ఎవరైనా ఇనుప పీచు పేరెత్తితే, "మొహం మీద మొటిమ ఉందని ఉలి పెట్టి చెక్కుతామా?" అని అడిగేవాడు. అంతా అయ్యాక పొడిగుడ్డతో మరోసారి తుడిచేవాడు. వేలిముద్ర ఉండిపోతే ఆ జిడ్డు ఇంజిన్ వేడికి కాలి, గీతలతో సహా గొట్టం మీద నిలిచిపోతుంది.

నాన్న చేతిలోంచి బండి మామయ్య దగ్గరికి వెళ్లేది. మామయ్య స్టార్టు చేసి, గాలీ పెట్రోలూ సరిచూసి, "డిగ్రీ, ఇది పంపించెయ్" అనేవాడు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే ఇంజిన్ కాగిపోయి, పాలిష్ పట్టిన గొట్టం మళ్లీ నీలమవుతుంది. అందుకని నాన్న ఒక సూత్రం పెట్టుకున్నాడు. నీలం పోగొట్టడం పాలిష్ పని, మళ్లీ రాకుండా చూడటం ఇంజిన్ పని. నీలం తిరిగొచ్చిందంటే తప్పు ఇంజిన్‌ది. సూత్రం నిజమే. మా అందరి చేతా పొరపాటు చేయించింది కూడా అదే.

ఎండలు ముదురుతుండగా, ఫొటోలు తీసే ఆయన బండి తీసుకెళ్లిన మర్నాడే తిరిగి తెచ్చాడు.

"ఏమ్మా, పాలిష్ పట్టారా, పట్టామని చెప్పారా?" అన్నాడు.

వంగి చూశాను. బెండు కింది వైపు బొటనవేలంత నీలం ఉంది.

"మళ్లీ వచ్చిందా?" అన్నాడు నాన్న, కూర్చున్న చోటు నుంచే.

"వచ్చిందని ఎవరన్నారు? పోలేదంటున్నాను."

"నా చేతిలోంచి అద్దంలా వెళ్లింది సార్. ఒరే, ఈ బండి వేడెక్కుతోందిరా, ఓసారి చూడు."

మామయ్య ప్లగ్గు విప్పి తెచ్చాడు. ప్లగ్గు కొన తెల్లగా ఉంటే గాలి ఎక్కువైనట్టు, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇది సరిగ్గా మధ్యలో ఉంది. "చూడు బావా, బిస్కెట్ రంగు. టీలో ముంచుకు తినొచ్చు."

"అయితే నీలం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"ఎక్కడికీ వెళ్లలేదేమో, ఊడిపడటానికి."

నాన్న నవ్వాడు, మామయ్యా నవ్వాడు. ఆ రోజుకి అది హాస్యమే. తర్వాత మందుల షాపాయన బండి వచ్చింది. ఆ తర్వాత ట్యూషన్ మాస్టారిది. ప్రతిసారీ నాన్న మళ్లీ రుద్దేవాడు, మామయ్య మళ్లీ గాలి స్క్రూ తిప్పేవాడు. నవ్వులు తగ్గుతూ వచ్చాయి. పోని నీలానికీ, పోయి తిరిగొచ్చిన నీలానికీ రంగులో తేడా ఉండదు. ఏది ఏదో చూసి చెప్పలేం, ఎవరినో ఒకరిని నమ్మి చెప్పాలి.

నాన్న కళ్ల మీద అనుమానం ఎవరికీ రాలేదు. వచ్చే వీల్లేదు. ఆ ఏడాదే ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాడు. జోడు లేకుండా పేపరు చదివేవాడు, అమ్మ సూదిలో దారం ఎక్కించేవాడు. "నాకు వయసు వెనక్కి నడుస్తోంది" అని షెడ్డుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకునేవాడు.

"ఇంకో నాలుగు రోజులుంటే పాలపళ్లు కూడా వస్తాయి," అనేవాడు మామయ్య.

మాస్టారి బండి రెండోసారి వచ్చిన సాయంత్రం, నాన్న మళ్లీ రుద్ది ఇచ్చాక మామయ్య దాన్ని స్టార్టు చేయకుండా ఆగాడు. మాస్టారు బల్ల మీద నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

"బావా, ఇలా రా. ఇంకా కిక్కు కొట్టలేదు. గొట్టం చల్లగా ఉంది, చెయ్యి పెట్టి చూడు."

నాన్న చెయ్యి పెట్టాడు. "ఊఁ, చల్లగానే ఉంది."

"ఇప్పుడిది చూడు. ఇదేంటి?"

నాన్న ముక్కు గొట్టానికి తగిలేంత దగ్గరగా వంగాడు. "ఏముంది?"

"నీలం."

"ఎక్కడ?"

"నా వేలి కింద."

"నీ వేలి కింద నీ వేలి నీడ ఉంది."

మామయ్య వేలు తీశాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు అదీ లేదు."

మాస్టారు కిసుక్కున నవ్వాడు. ఆయన ఏ ఉద్దేశంతోనూ నవ్వలేదు గానీ, నాన్న చెవులు ఎర్రబడ్డాయి. మామయ్య నా వైపు తిరిగాడు. "డిగ్రీ, ఇలా రా. చదువుకున్నదానివి, ఉన్నదున్నట్టు చెప్పు."

వెళ్లి చూశాను. "ఉంది నాన్నా. కొంచెం."

నాన్న లేచి, ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. "సరే. వాడికి కనిపిస్తోంది, నీకు కనిపిస్తోంది, నాకే కనిపించట్లేదు. అంటే నేను గుడ్డివాణ్ణన్నమాట."

మా నాన్న పట్టిన కుందేటికి మూడే కాళ్లని చుట్టాలందరికీ తెలుసు. ఆ మాటను కూడా అలాంటి మాటగానే విన్నాం.

"కార్బొరేటర్ కుదర్చడం చేతకాక నా పని మీదికి తోస్తున్నాడు," అన్నాడు నాన్న, మామయ్యతో కాదు, మాస్టారితో.

"ఇంజిన్ తిరగనే లేదు కదా బావా."

"ఇవాళ తిరగలేదు. నిన్న తిరగలేదా? మొన్న తిరగలేదా? నా పని మీద నమ్మకం లేనివాడు నా పక్కన కూర్చుని పనిచెయ్యక్కర్లేదు."

మామయ్య చేతిలో పానా ఉంది. దాన్ని విసరలేదు, నెమ్మదిగా కింద పెట్టాడు. "అక్కా, విన్నావా?"

అమ్మ మిషను ఆపలేదు. "విన్నాను. ఇద్దరూ ముందు చేతులు కడుక్కోండి. మిగతాది భోజనాల దగ్గర చూసుకుందాం."

భోజనాల దగ్గరికి మామయ్య రాలేదు. మర్నాడు ఒక తోపుడుబండి మాట్లాడి తన పనిముట్లన్నీ సర్దుకున్నాడు. అదే రోడ్డు చివర, పెట్రోలు బంకు పక్కన, ఒక షట్టర్ కొట్టులో సగం ఖాళీగా ఉంటే అద్దెకు తీసుకున్నాడు. పడక కూడా అక్కడే వేసుకున్నాడు. షెడ్డు ముందు భాగంలో ఆయన కూర్చునే చోట నూనె మరకలు మాత్రం మిగిలాయి.

అమ్మ ఇద్దరిలో ఎవరినీ తిట్టలేదు. ఒక పెద్ద క్యారియర్ సర్దే చోట రెండు చిన్నవి సర్దడం మొదలుపెట్టింది. "విడిపోయింది మీరిద్దరు, గిన్నెలు పెరిగింది నాకు," అని మాత్రం నాన్నతో అంది. రెండో క్యారియర్ నాకిచ్చి పంపేది.

"బావ తిన్నాడా?" అని అడిగేవాడు మామయ్య మూత తీస్తూ.

"తిన్నాడు."

"ఏం చేస్తున్నాడు?"

"బళ్లు రావట్లేదు. మన పాత బండినే రుద్దుతున్నాడు."

"పోయిందా?"

"లేదు."

మామయ్య అన్నం కలుపుకునేవాడు. ఇంజిన్ చూసేవాడు లేని షెడ్డులో ఉత్త పాలిష్ కోసం బండి వదిలి వెళ్లే జనం తక్కువ. అమ్మ దిగులు అది కాదు. ఆమె రోజూ పొద్దున్నే మేడ మీద గది ఊడ్చి, కిటికీ తెరిచి, సాయంత్రం మళ్లీ మూసేది. ఒకసారి మెట్లు దిగుతూ నాతో అంది: "అలిగి వెళ్లినవాణ్ణి వారంలోగా పిలుచుకోవాలే. నెల దాటిందంటే చుట్టంగా వస్తాడు గానీ, మనవాడుగా రాడు."

"నువ్వు పిలవొచ్చుగా?"

"వాడు అలిగింది నా మీదా?"

మామయ్య వెళ్లి నెల కావస్తోంది. ఒక మధ్యాహ్నం అమ్మ ముదురు నీలం సీటు కవరు కుడుతోంది. నాన్నకు చేతిలో పని లేదు, దారాల డబ్బా పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏవండీ, ఆ నీలం దారం ఇలా ఇవ్వండి."

నాన్న ఒక ఉండ తీసి ఇచ్చాడు. అమ్మ దాన్ని చూసి నిట్టూర్చింది. "మళ్లీ నల్లదే. ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. నా మాట మీ చెవి దాకా వస్తుంది, లోపలికి వెళ్లదు."

"నీలమే ఇచ్చాను."

"ఇది నీలమా?"

"కాదా?"

ఆ 'కాదా'లో వెటకారం లేదు. అమ్మ పాదం మిషను మీద ఆగింది. డబ్బాలోంచి నీలం ఉండ ఒకటి తీసి, రెండు చేతుల్లో రెండు ఉండలు పట్టుకుని నాన్న ముందు చాపింది. "నీలం ఏ చేతిలో ఉందో చెప్పండి."

నాన్న అటూ ఇటూ చూశాడు. "ఆటలాడుతున్నావా? రెండూ నల్లవే."

"అవును," అంది అమ్మ. "ఆటలాడుతున్నాను."

రెండు ఉండలూ డబ్బాలో వేసి మూతపెట్టింది. మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది గానీ, మిషనులో దారం లేదు. ఖాళీ సూది కవరు మీద వరసగా చిల్లులు పొడుచుకుంటూ పోయింది.

తర్వాత కుళాయి దగ్గర నన్ను పట్టుకుంది. "చాలా రోజుల నుంచి నల్లదే ఇస్తున్నారే. నా మాట వినట్లేదనుకున్నాను." మొగుడు మాట వినకపోవడం వింతేమీ కాదు గనక, దాన్ని ఆమె లెక్కలోకే తీసుకోలేదు.

కళ్లాసుపత్రికి ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ వయసులో నాకంటే కొంచెం పెద్దది. లైటు వేసి, చుక్కలు వేసి, చాలాసేపు చూసింది.

"కళ్లజోడు ఎప్పుడు తీసేశారు?"

నాన్న కాస్త గర్వంగానే చెప్పాడు.

"మొదలైంది అప్పుడే," అంది ఆవిడ. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి కొన్నాళ్లు దగ్గరి చూపు బాగుపడినట్టు ఉంటుందట. లోపలి కటకం మాత్రం పసుపుకు, గోధుమ రంగుకు తిరుగుతూ ఉంటుందట. పసుపు గాజులోంచి చూస్తే ముదురు నీలం నలుపవుతుంది, లేత నీలం మాయమవుతుంది.

"ఎరుపు కనిపిస్తోందమ్మా," అన్నాడు నాన్న.

"కనిపిస్తుంది."

"పసుపు, ఆకుపచ్చ కూడా."

"అవీ కనిపిస్తాయి. ముఖ్యంగా నీలమే పోతుంది."

"నేను దాని మీదే బతుకుతున్నాను."

"రంగుల షాపా?"

"కాదు. నీలం తీసేసే పని."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అమ్మ వివరించబోతే నాన్న వద్దని చెయ్యి ఊపాడు.

ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక నాన్న గది గోడ చూశాడు, నన్ను చూశాడు, అమ్మ ఒళ్లో సంచీ చూశాడు.

"ఈ సంచీ నీలమా?"

"కొన్నప్పటి నుంచీ నీలమే," అంది అమ్మ.

ఇంటికొచ్చి షెడ్డు తెరిచాక ఆయన చేసిన మొదటి పని, మా పాత బండి ముందు గొంతుకూర్చోవడం. ఒక అరచేత్తో ఎడమ కన్ను మూసి చూశాడు. తర్వాత కుడి కన్ను మూసి చూశాడు. మళ్లీ ఎడమది. ఒక కంటికి నీలం ఉంది, ఒక కంటికి లేదు. నేను బల్ల దగ్గరే నిలబడ్డాను.

"ఇచ్చినవన్నీ ఇలాగే ఇచ్చానా?" అని అడిగాడు, నా వైపు తిరగకుండా.

"అన్నీ కాదు నాన్నా. ఈ ఎండాకాలంవి."

ఆ సాయంత్రం, కంటికి నల్లద్దాలు పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని పెట్రోలు బంకు వైపు నడిచాడు. మామయ్య ఎవరిదో చైను బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి, డబ్బా ఒకటి బోర్లించి పైన గుడ్డ వేశాడు. నాన్న కూర్చున్నాడు.

"నాకు కనబడలేదురా."

"తెలిసింది. అక్క చెప్పింది."

"డాక్టరు కూడా చెప్పింది, నీలమొక్కటే పోతుందని."

"ఊఁ."

"అందుకని అన్నాను."

మామయ్య చైను వదిలి, చేతులు తుడుచుకుని, ఎదురుగా కింద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. "కనబడకపోవడం నీ తప్పు కాదు బావా. దానికి నేనేమీ అనుకోను. కానీ నాకు కనబడిందని చెప్పాను కదా. డిగ్రీ చెప్పింది. ఇద్దరం చెప్పాం. నీ కన్ను నీకు చెప్పలేదు సరే, మేం చెప్పాం. అది నమ్మడానికి కన్ను అక్కర్లేదు."

నాన్న నల్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. మామయ్య టీ తెప్పించాడు. ముగ్గురం తాగాం. ఎండ గురించి, అద్దాల ఖరీదు గురించి మాట్లాడుకున్నారు. ఇంటికి రమ్మని నాన్న అడగలేదు. వస్తానని మామయ్య అనలేదు.

రెండో కన్ను కూడా అయింది. దగ్గరి చూపుకు మళ్లీ కళ్లజోడు వచ్చింది. నాన్న పాలిష్ పట్టిన గొట్టంలో ఇప్పుడు గడ్డం గీసుకోవచ్చని మాస్టారు అన్నాడు. మామయ్య సెలవు రోజుల్లో భోజనానికి వచ్చేవాడు. ముందు రోజే కబురు చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, తిని, "వెళ్లొస్తాను అక్కా" అని చెప్పి వెళ్లేవాడు. అమ్మ గుమ్మం దాకా వెళ్లి సాగనంపి, తిరిగొచ్చి ఆయన తిన్న కంచం తనే కడిగేది. ఆమె భయపడింది ఈ 'వెళ్లొస్తాను'కే.

వానలు మొదలయ్యాక ఫొటోలు తీసే ఆయన బండి మళ్లీ వచ్చింది. నాన్న పొద్దంతా దాని మీదే ఉన్నాడు. సాయంత్రం వాన తెరిపివ్వగానే, "ఇంజిన్ చూపించాలి" అని బండిని స్టార్టు చేయకుండా నడిపించుకుంటూ రోడ్డు చివరికి తీసుకెళ్లాడు. నేను క్యారియర్ పట్టుకుని పక్కన నడిచాను.

మామయ్య బండి స్టాండు వేసి, మోకాళ్ల మీద కూర్చుని, గొట్టం ఆసాంతం చూశాడు. వంపు కింద వేలు పెట్టాడు.

"ఇక్కడ కొంచెం ఉంది బావా."

నేను వంగి చూశాను. ఏమీ లేదు. బంకు దీపాల వెలుగు ఆ వంపు మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఎక్కడా తెగకుండా పారుతోంది. నాన్న కళ్లజోడు సవరించుకుని దగ్గరగా చూశాడు. ఆ రెండు కళ్లూ ఇప్పుడు నా కళ్లకంటే బాగా చూస్తాయి. ఆయనకు ఏం కనబడిందో, ఏం కనబడలేదో నాకు తెలుసు. మామయ్యకూ తెలుసు.

నాన్న నన్ను అడగలేదు. తడి నేల మీద కూర్చుని, జేబులోంచి గుడ్డ తీసి, వంపు వెంబడి రుద్దడం మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే తొందరలేకుండా, పైనుంచి కిందికి. మామయ్య పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఇంకాస్త కింద," అన్నాడు.

నాన్న ఇంకాస్త కింద రుద్దాడు. వెనక పాంటంతా తడిసిపోయింది. గుడ్డ తీసి, పొడివైపు మడిచి, మరోసారి తుడిచి, తలెత్తి మామయ్యను అడిగాడు.

"పోయిందా?"

మామయ్య గొట్టం వైపు కూడా చూడలేదు. నాన్న చంక కింద చెయ్యి వేసి పైకి లేపాడు.

"పోయింది," అన్నాడు. "ఒక్క నిమిషం ఉండు బావా, షట్టర్ దించి నేనూ వస్తాను ఇంటికి."